తడి రంగు, పిండి రంగు

నేను ఇంతకు ముందు ఏదీ రాయకపోవడానికి కారణం, విశాఖపట్నంలో గాలి పొద్దున్న పది గంటలకు తిరగడం. వినేవాళ్ళు నవ్వుతారు గానీ ఇంతకంటే నిజమైన కారణం నా దగ్గర లేదు. మా ఇల్లు వన్ టౌన్‌లో పోర్టుకీ సముద్రానికీ నడుమ ఒక ఇరుకు సందులో ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. తెల్లవారినప్పటి నుంచి గాలి పోర్టు వైపు నుంచి వీచేది. ఓడల్లోకి ఎత్తే ఇనప రాయి దుమ్ము, బొగ్గు దుమ్ము ఆ గాలితో వచ్చి ఆరేసిన బట్టల మీద, అరుగు మీద, అన్నం గిన్నె మూత మీద పడేవి. పది గంటల ప్రాంతంలో గాలి తిరిగి సముద్రం నుంచి వీచేది, అప్పుడు సందంతా శుభ్రంగా ఉండేది. మా నాన్న ఇనప ట్రంకు పెట్టెలకు రంగు వేసేవాడు. తడి రంగు మీద దుమ్ము పడితే పెట్టె పాడైపోతుంది కాబట్టి గాలి తిరిగాకే పని మొదలుపెట్టేవాడు. బడి గంట కూడా పదింటికే కొట్టేవారు. రంగు కొట్టే గన్నుకు గాలి కావాలి, ఆ గాలి ఎక్కించే పంపును కాలితో తొక్కాలి, ఆ కాలు నాది. మా అన్నయ్య పైడిరాజు ఐదో తరగతి దాకా చదివాడు. నన్ను బడికి పంపే మాట వచ్చినప్పుడల్లా నాన్న, పంపుకి ఇంకో కాలు దొరికాక చూద్దాం అనేవాడు. నాకు పెళ్ళయ్యేదాకా దొరకలేదు. అక్షరాలు నాకు అరవై దాటాక మా మనవరాలు లావణ్య నేర్పింది. ఇప్పుడు రాస్తున్న ఈ సంగతి కూడా ఆ పిల్ల తెచ్చిన డబ్బాతోనే మొదలైంది.

ఆ డబ్బాను నేను సీపీయూ డబ్బా అంటే లావణ్య ఒప్పుకోదు, కేబినెట్ అనాలంటుంది. లోపల పెట్టే సామానంతా కొత్తది కొనుక్కుంది గానీ పై డబ్బా మాత్రం స్నేహితురాలి ఇంట్లో మూలన పడేసి ఉన్నది తెచ్చుకుంది. ఆ స్నేహితురాలి ఇల్లు సముద్రం ఒడ్డున. ఒడ్డున ఇనుముకు ఏం జరుగుతుందో ఈ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. అంచులన్నీ తుప్పు పట్టి, పక్క రేకుల మీద రంగు పొక్కులు లేచి, నాన్న దగ్గరికి మరమ్మతుకు వచ్చే పాత పెట్టెలాగే ఉంది. లావణ్య పెళ్ళిళ్ళ వీడియోలు కూర్చే పని చేస్తుంది. కంప్యూటర్ తన చేత్తో తనే బిగించుకోవాలని పట్టుదల. ఒక ఆదివారం ఆ డబ్బా మా అరుగు మీద పెట్టి, దీనికి స్ప్రే పెయింట్ కొట్టించాలా, పౌడర్ కోటింగ్ చేయించాలా అని నన్ను అడిగింది. నన్నే ఎందుకడిగిందంటే ఇంట్లో అడగడానికి ఇంకో మనిషి లేడన్నట్టే అయిపోయింది అప్పటికి.

ఇంకో మనిషి ఉన్నాడు, మా అన్నయ్య. నా భర్త పోయాక నేనూ, మా వదిన పోయాక అన్నయ్యా, ఇద్దరం మళ్ళీ ఆ పుట్టింట్లోనే ఉంటున్నాం. యాభై ఏళ్ళ పాటు గన్ను పట్టిన మనిషి. మూడేళ్ళ కిందట చేతులు వణకడం మొదలైంది. డాక్టర్ మాత్రలు రాశాడు, వణుకు తగ్గింది గానీ పోలేదు. ఒక రోజు గన్ను విప్పి, థిన్నర్‌తో కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. అప్పటి నుంచి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకోవడమే. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు కాబట్టి ఎవరైనా ఇంటికొస్తే టీ వద్దంటాడు. తిండి సగమైంది. మాట పావు వంతైంది. పోయినేడాదంతా నాకున్న బెంగ ఒక్కటే, ఈ మనిషి మంచం మీద నుంచి లేస్తాడా లేవడా అని.

లావణ్య నాకు పౌడర్ కోటింగ్ ఏమిటో వివరిస్తోంది. రంగు నీళ్ళలా ఉండదట, పొడిలా ఉంటుందట. కరెంటు పెట్టి ఇనుము మీదికి ఊదితే అంటుకుంటుందట. తర్వాత పెద్ద ఓవెన్‌లో పెడితే కరిగి గట్టిపడి గీత కూడా పడదట. అప్పుడు మంచం మీద నుంచి గొంతు వినిపించింది.

"పిండి జల్లి పొయ్యిలో పెడతారేటి?"

"పిండి కాదు తాతా, పౌడరు."

"పొడీ పిండీ ఒకటే కాదేటి. అది రంగేటే గుంటా, జంతికలా?"

ఆ మాటంటూ లేచి కూర్చున్నాడు. ఎవరూ చెయ్యి అందించకుండా కూర్చున్నాడు. నేను వెంటనే అన్నయ్య పక్షం చేరిపోయాను. అవునవును, రంగంటే తడిగా ఉండాలి, పిండి రంగు ఎక్కడైనా ఉందా అన్నాను. నిజానికి మా ఫ్రిజ్జుకీ, బీరువాకీ ఉన్నది ఆ పిండి రంగేనని లావణ్య అప్పటికే చెప్పింది. నాకు ఫ్రిజ్జుతో పని లేదు, అన్నయ్య కోపంతో పని. కోపం పెరిగితే మంచం దిగుతాడేమోనని ఆశ. దిగాడు. డబ్బా దగ్గరికి వచ్చి తుప్పును గోటితో గీకి, "అటక మీద గన్నుంది, దింపు" అన్నాడు. నాకు సంతోషమూ భయమూ ఒకేసారి వచ్చాయి.

మా చిన్నప్పుడు రంగు రోజంటే ఇల్లంతా నోరు కట్టేసుకునే రోజు. తెల్లవారగానే నాన్న తెల్లటి గుడ్డ తడిపి పెరటి తీగ మీద వేసేవాడు. దాని మీద దుమ్ము చుక్కలు పడుతున్నంతసేపు మేం కూర్చునేవాళ్ళం. గుడ్డ మార్చి మార్చి వేసి, కొత్త గుడ్డ మీద చుక్క పడకపోతే గాలి తిరిగినట్టు. అప్పటి నుంచి ఇంట్లో పొయ్యి మీద నూనె పెట్టకూడదు. వేపుడు పొగలోని నూనె గాలిలో తేలి వచ్చి తడి రంగు మీద వాలితే, అక్కడ రంగు పక్కకు జరిగిపోయి గుండ్రటి గుంటలు పడతాయి. వాటిని మేం చేపకళ్ళు అనేవాళ్ళం. అందుకని రంగు రోజున తాలింపు లేదు, వేపుడు లేదు, తలకు నూనె లేదు. ముందు రోజే అందరం కుంకుడుకాయతో తల రుద్దుకోవాలి. ఫిషింగ్ హార్బర్ నుంచి మా పిన్ని గంపలో మంచి చేపలు తెచ్చిస్తే, అమ్మ వాటిని ఉప్పూ పసుపూ వేసి నీళ్ళలో ఉడకబెట్టేది. ఆ నీళ్ళ చేపల వాసన ఇప్పటికీ నాకు ఆకుపచ్చ రంగు వాసనతో కలిసే గుర్తొస్తుంది. వాన పడితే రంగు పని ఉండదు కాబట్టి వాన రోజున వేపుడు. ముసురు పట్టిందంటే ఊరందరూ చిరాకుపడేవారు, మేం ముగ్గురం మాత్రం, అంటే అమ్మా, అన్నయ్యా, నేనూ, మూకుడు కడిగి పెట్టుకునేవాళ్ళం. ఒకసారి పెళ్ళివారు అమ్మాయిని చూడ్డానికి, అంటే నన్నే, రంగు రోజున వచ్చారు. పెళ్ళికొడుకు మేనమామ తలకు అంత ఆముదం పెట్టుకుని వచ్చాడు. నాన్న ఆయన్ని గుమ్మంలోనే ఆపి, మీరు గాలికి అవతల వైపు కూర్చోండి అని సందులో కుర్చీ వేయించాడు. ఆ సంబంధం కుదరలేదు. కుదరనందుకు అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం ఆ రోజు వేసిన పెట్టె అద్దంలా వచ్చిందని పదిమందికి చూపించాడు.

పిల్లి సంగతి కూడా చెప్పాలి. ఒక నీలం పెట్టె మూత ఆరుతుండగా మా సందు పిల్లి దాని మీద నడిచి వెళ్ళిపోయింది. నాలుగు అడుగులు స్పష్టంగా పడ్డాయి. మళ్ళీ రుద్ది వేసే తీరిక లేక నాన్న దాన్ని ఒక మూలన పెట్టాడు. తగరపువలస నుంచి పెట్టెలు కొనడానికి వచ్చిన వ్యాపారి దాన్ని చూసి, ఈ పులి అడుగుల డిజైను చాలా బాగుంది, ఇలాంటివి ఇంకో ఆరు కావాలన్నాడు. కాదనడానికి నాన్నకు నోరు రాలేదు. ఆ తర్వాత మూడు రోజులు మా ఇంటిల్లిపాదీ పిల్లిని పట్టుకునే పనిలో ఉన్నాం. పట్టుకున్నాక అది నడవదు. తడి మూత మీద పెడితే కూర్చునేది. కూర్చున్న పిల్లి ముద్ర ఏ పులిదీ కాదు. చివరికి అమ్మ అవతలి వైపు ఉడికిన చేప పట్టుకుని నిలబడితే నడిచింది. రంగు రోజున మా ఇంట్లో చేపను ఆశగా చూసిన ప్రాణి అదొక్కటే.

అన్నయ్యకు పదకొండేళ్ళప్పుడు నాన్న గన్ను ఇచ్చాడు. నాకూ ఒకసారి ఇమ్మని అడిగాను. గాజులు చప్పుడవుతాయి, రంగు బెదురుతుంది అన్నాడు. రంగు బెదరడం ఏమిటో నాకిప్పటికీ తెలియదు. అన్నయ్య మొదటి పెట్టె, ఎవరో ఓడ పనివాడిది, ముందు వైపంతా కారిపోయింది. కొవ్వొత్తి కారినట్టు చారలు. నాన్న కారణం అడిగితే అన్నయ్య నా వైపు చూశాడు. పంపు సరిగా తొక్కలేదని తేల్చారు. ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు, అంటే నీళ్ళ చేపలు తప్పించుకున్నాను. అయినా మాట మాటే. ఆ తర్వాత ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో అన్నయ్య, మా నర్స పంపు తొక్కుతూ నిద్రపోయిందని చెప్పి నవ్వించేవాడు. నేను నిద్రపోలేదు. నా కాలు నాకు తెలుసు.

ఇప్పటి సంగతికి వస్తాను. డబ్బా విప్పి, ప్లాస్టిక్ ముక్కలన్నీ తీసేసి, గరుకు ఉప్పు కాగితంతో తుప్పు రుద్దే పని నాది. లావణ్య విప్పిన మరలను పేర్లు రాసి పొట్లాలు కట్టింది. ఎర్ర ప్రైమర్ నేనే కుంచెతో వేశాను. అన్నయ్య కుర్చీ వేసుకుని కూర్చుని తప్పులు పట్టాడు. మూడేళ్ళ నుంచి ఆయన నోట విననన్ని మాటలు ఆ మూడు రోజుల్లో విన్నాను. ముందు రోజు సాయంత్రం సందులోకి దిగి ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, రేపు మధ్యాహ్నం దాకా వేపుళ్ళు ఆపమని చెప్పాడు. పాతవాళ్ళకు ఆ మాట అలవాటే, కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళు ఏదో మొక్కు అనుకున్నారు. సందు చివర ఎర్రమ్మ టిఫిన్ బండి ఉంది. పునుగులు, బజ్జీలు ఆపడం కుదరదంటుందని నేననుకున్నాను. ఎర్రమ్మ మా అన్నయ్య మొహం వైపు చూసి, సరే, రేపు ఇడ్లీయే పెడతానంది. పొద్దున్న బండి దగ్గరికి వచ్చినవాళ్ళు బజ్జీలేవని అడిగితే, పైడిరాజు మామ కంప్యూటర్‌కి రంగేత్తన్నాడు అని చెబుతోంది. తిన్నవాళ్ళు తిన్నట్టే మా గుమ్మం ముందు చేరారు. లావణ్య తలకు రాసుకునే ఖరీదైన నీళ్ళేవో వాసన చూసి, అన్నయ్య ఆ పిల్లకు కూడా కుంకుడుకాయతో తల రుద్దించాడు. గుడ్డ తడిపి తీగ మీద వేశాం. గాలి తిరిగింది.

ఇప్పుడు పంపు లేదు, కరెంటుతో గాలి ఎక్కించే కంప్రెసర్. స్విచ్ వేస్తే చాలు. నేను ఊరికే పక్కన నిలబడ్డాను. అన్నయ్య గన్ను ఎత్తాడు. చెయ్యి వణికింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు, రెండూ వణికాయి. అయినా నొక్కాడు. మొదటి రేకు మీద రంగు ఒకచోట పలచగా, ఒకచోట ముద్దగా పడి, చూస్తుండగానే కిందికి కారింది. 

"ఓల్టేజీ దిగిపోయింది" అన్నాడు అన్నయ్య.

లావణ్య కంప్రెసర్ ముల్లు చూసి, "ప్రెషర్ కరెక్టుగానే ఉంది తాతా" అంది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు ఇంకా చేతకాదు.

అన్నయ్య ముల్లు వైపు చూశాడు. తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు. గన్ను నా చేతికిచ్చాడు.

"ఆ ఓడోడి పెట్టికి కూడా గాలి సరిగ్గానే వచ్చింది నర్సా. నాకప్పుడే తెలుసు" అన్నాడు.

అని లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. యాభై ఏళ్ళు దాటిన మాట అలా తేలిపోయింది. ఎంతో ఆనందించాల్సిన మాట. దాన్ని వినడానికి ఆ మనిషి మంచం మీదికి పోవాలంటే నాకక్కర్లేదనిపించింది. గన్ను చేతిలో ఉంది, రంగు ఆరిపోతోంది, సందంతా చూస్తోంది. రెండో రేకు నేను కొట్టాను. గాజులు చప్పుడయ్యాయి. రంగు బెదరలేదు. చూడ్డమే నా చదువు కాబట్టి చెయ్యి దాని దారిన అదే పోయింది, ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆగకుండా. ముగించి వెనక్కి జరిగి చూస్తే అద్దంలా ఉంది. కాసేపటికి దాని మధ్యలో ఒకటి, రెండు, మూడు చేపకళ్ళు తేలాయి. సందంతా ఒకరి ఇంటి వైపు ఒకరు చూసుకున్నారు. ఎర్రమ్మ తన బాండీ బోర్లించి ఉందని ఒట్టేసింది. దోషి నేనే. పొద్దున్నే లేవగానే అలవాటు కొద్దీ మోకాళ్ళకు నొప్పి తైలం రాసుకుని, ఆ చేత్తోనే రేకు తుడిచాను. ఊరందరి వేపుళ్ళూ ఆపించి నేను చేసిన పని అది. ఇక నూనె పెట్టుకోవచ్చా అని ఎర్రమ్మ అడిగితే పెట్టుకోమన్నాను.

అప్పుడు ఒక పెట్టె ఆరడానికి ఇల్లంతా పస్తుండేదని, ఇప్పుడు అలాంటి శ్రద్ధ లేదని రాస్తే బాగుంటుంది గానీ నేను రాయను. పస్తున్నది నేను. నాన్న పని అద్దంలా వచ్చేది, నిజమే, ఆ అద్దంలో కనిపించేది మా ఆకలి మొహాలే. ఇప్పుడు బిడ్డలు కడుపు నిండా తిని ఓవెన్‌లో రంగు కాల్చుకుంటే నాకు కష్టం లేదు. ఒక్కటి మాత్రం అప్పుడుండేది, ఇప్పుడు లేదనిపిస్తుంది. చేతులు చెడిపోయిన మనిషికి కూడా ఆ పనిలో ఏదో చోటుండేది. చూపు తగ్గాక మా తాత రంగు డబ్బాలు కలుపుతూ కూర్చునేవాడు, వేలు ముంచి ఇది పలచన, ఇది చిక్కన అని చెప్పేవాడు, ఆయన మాట మీదే పని నడిచేది. అన్నయ్యకు అలాంటి చోటు ఏదీ మిగల్లేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయన కంచం ముట్టలేదు. ఆ కారిన రేకును ఏం చెయ్యాలని లావణ్యను అడిగాను. రుద్దేసి పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేద్దాం అమ్మమ్మా, దానిలో కారడం ఉండదు అంది. కారకపోవడం ఎలాగని అడిగాను. పొడి కదా, ఇనుమే దాన్ని లాక్కుంటుంది, తేడాగా పడితే కాల్చకముందే గాలితో ఊదేసి మళ్ళీ వెయ్యొచ్చు అంది. నేను అన్నం కలపడం ఆపేశాను. చెయ్యి వణికితేనో అన్నాను. ఆ పిల్ల నా వైపు, తర్వాత లోపలి మంచం వైపు చూసింది. వణికినా పర్లేదనుకుంటా అంది మెల్లగా.

మర్నాడు పొద్దున్న డబ్బా ముక్కలన్నీ గోనెసంచిలో వేసి ఆటో పిలిచాను. నేను కొట్టిన రేకును మాత్రం లావణ్య ఇవ్వలేదు, చేపకళ్ళతోనే బిగించుకుంటానంది. అన్నయ్యను పౌడర్ కోటింగ్‌కి వెళ్దామంటే రాడు. అందుకని, ఆ పిండిగాళ్ళు మన లావణ్యను మోసం చేస్తున్నారేమో, నువ్వొచ్చి నాలుగు తిట్టాలి అన్నాను. తిట్టడానికి లేచాడు. ఆటో నగర్‌లో షెడ్డు ముందు దిగేసరికే మొదలుపెట్టాడు. లోపల ఎవరో పకోడీ పొట్లం విప్పి కూర్చుంటే, రంగు దగ్గర నూనేటి, అని ఆయన్ని బయటికి పంపించేశాడు. వెళ్ళినాయన షెడ్డు ఓనరని తర్వాత తెలిసింది. శ్రీను అని యాభై ఏళ్ళ మనిషి, చేతులు కడుక్కుని మళ్ళీ లోపలికి వచ్చి నమస్కారం పెట్టాడు. మా ముక్కల మీది రంగంతా మందుతో తీయించి, కడిగించి, ఎండబెట్టించి, కొక్కేలకు వేలాడదీయించాడు. తనే ముక్కుకు గుడ్డ కట్టుకుని మొదటి ముక్క మీద పొడి ఊదాడు. నల్లటి పొడి పొగలా లేచి ఇనుము చుట్టూ తిరిగి వెనక వైపు కూడా తనంతట తనే వాలింది. అన్నయ్య తిట్టడం మధ్యలో ఆగింది. దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు.

"ఆ మూల కాళీగా ఉండిపోనాది" అన్నాడు.

మూలల్లోకి పొడి తొందరగా పోదని, అదొక్కటే ఈ పనిలో తంటా అని శ్రీను ఒప్పుకున్నాడు. ఎదురుగా నిలబడి ఊదితే ఏ రంగూ మూలకు పోదని, పక్క నుంచి, గాలి తగ్గించి కొట్టాలని అన్నయ్య అన్నాడు. నేను శ్రీను కళ్ళలోకి చూశాను. ఆయనకు నేనేమీ చెప్పలేదు, అన్నయ్య చేతులు ఆయనే చూసినట్టున్నాడు. గన్ను తిప్పి పిడి వైపు అందించాడు.

"మీరు సూపించండి గురూగారూ."

అన్నయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.  తర్వాత గన్ను తీసుకున్నాడు. చెయ్యి వణికింది, గన్ను మూతి వణికింది, దానిలోంచి వచ్చే పొగ కూడా అటూ ఇటూ ఊగింది. ఊగినదంతా వెళ్ళి మూలలో కూర్చుంది. ఎక్కడా కారలేదు. కారడానికి ఏమీ లేదు. అన్నయ్య ఆ మూలను చాలాసేపు చూశాడు, తర్వాత ముక్కంతా తిప్పి వెనక కూడా చూశాడు. నా వైపు తిరక్కుండానే, "తర్వాతది తగిలించు" అన్నాడు.

తగిలించాను.